పరస్థానం సంచి

క్రోసూరు,
జూలై ఆరో తేదీ, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి దీపశ్రీకి నాన్న మనసారా దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అమ్మ, మన కొట్టు, కొట్టు అరుగు మీద కాపురం పెట్టిన నల్లకుక్క, అందరం క్షేమం. నువ్వక్కడ వేళకు తింటున్నావనీ, ఎండలో నిలబడే ఉద్యోగం కాబట్టి మజ్జిగ తాగుతున్నావనీ అనుకుంటున్నాను. తాగకపోతే ఈ వాక్యం దగ్గర ఆగి, లేచి వెళ్ళి తాగి వచ్చి మిగతాది చదువు.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. పోస్టుమాన్ నవ్వాడు, "మన మండలంలో బ్యాంకు నోటీసులు కాకుండా ఉత్తరాలొచ్చేది మీ కొట్టుకేనండీ" అని. నవ్వనీ. నువ్వు ఇంటరు హాస్టల్లో ఉన్నప్పుడు ఫోను ఉండనిచ్చేవాళ్ళు కాదని మొదలుపెట్టిన అలవాటు. ఇప్పుడు నీ చేతిలో రెండు ఫోన్లున్నా మనం మానలేదు. నాకు ఇదే నయం. ఫోన్లో నేను నోరు తెరిచేలోపు మీ అమ్మ లాక్కుంటుంది. పైగా ఈసారి నీకు చెప్పాల్సినది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

ముందు చిన్న ప్రశ్నలకు సమాధానాలు. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. నూనె రాయడం వల్ల తగ్గిందని ఆమె, డాక్టరు మాత్రల వల్ల తగ్గిందని నేను, రోజూ ఒక పూట వాదించుకుంటున్నాం. యశోదత్త కంటి ఆపరేషన్ నరసరావుపేటలో చేయించాం. ఇప్పుడు తన గాజుల కొట్లో కూర్చుని, రోడ్డుకు ఇవతల నా కొట్లో ఏ డబ్బాకు మూత సరిగా పెట్టలేదో కేకేసి చెబుతోంది. ఆ ఆపరేషన్ ఎందుకు చేయించామా అనిపిస్తోంది.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక కొసరు మానేశావా నాన్నా అని అడిగావు చూడు, దానికి మాత్రం నాకు కోపమొచ్చింది. కాటా అంకె చూపిస్తుంది, బిల్లు కొడతాను, సంచి కిందికి దించుతాను. అప్పుడు వేస్తాను ఒక గుప్పెడు. మా నాన్న వేశాడు, నేను వేస్తాను. అది మిషనుకు సంబంధం లేని పని. కొసరు లేకుండా కొట్టు దిగిన మనిషి మళ్ళీ కొట్టెక్కడని నీకు పలకాబలపం పట్టకముందే చెప్పాను కదా.

ఇక నీ పెద్ద ప్రశ్న. దాన్ని నువ్వు రాసినట్టే ఇక్కడ రాస్తున్నాను. "నాన్నా, మే నెల అమావాస్యకు అటూ ఇటూ మూడు రోజులు మా పార్కు గేటు వైపే చూశాను. ఖాసిం మామ పచ్చ బస్సు రాలేదు. అమ్మనడిగితే బస్సు రిపేరంది. రేట్లు పెంచారని బజారంతా నా మీద కోపంగా ఉందా? నా వల్ల నీకు తలవంపులైతే చెప్పు, ఈ ఉద్యోగం మానేసి వచ్చేస్తాను."

ఇది చదివి రెండు రోజులు నేను మనిషిని కాను. మినప్పప్పు అడిగినవాళ్ళకు పెసరపప్పు కట్టాను. బస్సుకు రిపేరు లేదమ్మా. ఖాసిం బస్సు రాయిలాగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఫోను చేసి అడగొద్దు, చివరిదాకా చదువు.

మనం మొదటిసారి హర్షవనం పార్కుకు వచ్చినప్పుడు నీకు పదేళ్ళు. మన బజారు కొట్లకు అమావాస్య తప్ప సెలవు లేదు. వేసవి సెలవుల్లో వచ్చే అమావాస్య నాడు బజారంతా ఒక బస్సు కట్టించుకుని హైదరాబాదు పోయి ఆ నీళ్ళ పార్కు చూసి వద్దామని బట్టల కొట్టు వెంకట్రామయ్య పెదనాన్నే అన్నాడు. "అమావాస్య నాడు గడప దాటతారంటయ్యా ఎవురన్నా!" అని యశోదత్త అడ్డం పడింది. అప్పుడు పరస్థానం ఉపాయం చెప్పింది నేనే. మూడు రోజుల ముందు మంచి ఘడియ చూసి, ఒక సంచిలో తుండుగుడ్డ, పసుపు కొమ్ము, గుప్పెడు బియ్యం వేసి ఖాసిం ఇంట్లో పెట్టేశాం. సంచి గడప దాటిందంటే ప్రయాణం మంచి ఘడియలోనే మొదలైనట్టు. ఇక మనం ఏ రోజు బయల్దేరినా దోషం లేదు. "అయితే సంచి ఒక్కటే ముందు పోయి రైడ్లు ఎక్కుతుందా నాన్నా?" అని అడిగావు నువ్వు. బజారంతా నవ్వింది.

ఆ రోజు వెంకట్రామయ్య పెదనాన్న పంచె ఎగ్గట్టి నీళ్ళ జారుడుబల్ల ఎక్కాడు. కిందికి పంచె ముందు వచ్చింది, ఆయన వెనక వచ్చాడు. లోపల చారల డ్రాయరు ఉండబట్టి పరువు దక్కింది. పులిహోర గంగాళం నేనూ ఖాసిమూ చెరో పక్క పట్టుకుని లోపలికి తీసుకుపోతుంటే గేటు దగ్గరి సెక్యూరిటీ దానియేలు తలుపు బార్లా తెరిచాడు. మాచర్ల దగ్గర పల్లెవాడు. ఒక విస్తరి ఆయనకూ పెట్టాం. నువ్వు సాయంత్రం జనంలో తప్పిపోయావు. నీలం కోటు వేసుకున్న ఒకావిడ నీ చెయ్యి పట్టుకుని, మైకులో నా పేరు పిలిపించి, నిన్ను నాకు అప్పగించింది. నువ్వు ఆమె చెయ్యి వదల్లేదు. బస్సులో మీ అమ్మ ఒళ్ళో పడుకుని "నేనూ పెద్దయ్యాక ఆ కోటు వేసుకుంటా" అన్నావు.

అన్న మాట చేసి చూపించావు. పోయినేడు జూలైలో నువ్వు ఆ కోటు వేసుకుని ఫోటో పంపిన రోజు నేను కొట్లో ఎంత గోల చేశానో నీకు మీ అమ్మ చెప్పే ఉంటుంది. గెస్ట్ రిలేషన్స్ అంటే ఏంది అని అడిగినవాళ్ళకు, వచ్చినవాళ్ళకు మర్యాద చేసే ఉద్యోగం అని చెప్పాను. అడగనివాళ్ళకూ చెప్పాను. "చింతపండు కోసం వచ్చినవాళ్ళు చింతపండు మర్చిపోయి పోతన్నారు, ఇంక ఆపు" అంది మీ అమ్మ.

పార్కు మీద నాకు అంత ప్రేమ ఉండేది. పదమూడుసార్లు వచ్చాం. పదోసారి వాళ్ళిచ్చిన "ఆత్మీయ అతిథి" అనే ఇత్తడి ఫలకాన్ని కాటాకు పైన, వాసవీ అమ్మవారి పటం పక్కన మేకు కొట్టి తగిలించాను. నా పెళ్ళి ఫోటోకు కూడా అంత మంచి చోటు ఇవ్వలేదు.

రేటు పెరగడం నాకు వింత కాదు. నేనూ వ్యాపారినే, కందిపప్పు పెరిగితే నేనూ పెంచుతాను. దాని గురించి నాకు పేచీ లేదు. కానీ ఒక ఏడు బస్సు నిలిపినందుకు డబ్బులు అన్నారు. మరుసటి ఏడాది చెప్పులూ చొక్కాలూ పెట్టుకునే అరకు డబ్బులు. ఆ తర్వాత చీరలతో నీళ్ళల్లో దిగకూడదు, వాళ్ళ దగ్గరే గుడ్డలు కొనాలన్నారు. వెంకట్రామయ్య పెదనాన్న ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూసి, "దీన్ని మా కొట్లో కొబ్బరికాయల మూటకు కూడా వాడం" అన్నాడు. అయినా కొన్నాం. ఇంకో ఏడు పులిహోర గంగాళం గేటు దగ్గర ఆపేశారు. దానియేలు తల దించుకుని "పైవాళ్ళ రూలండీ" అన్నాడు. లోపల ఒక ప్లేటు ఇడ్లీ పెట్టే ధరకు నేను మూడు కిలోల రవ్వ అమ్ముతాను.

పోయినేడు ఎక్కువ కట్టినవాళ్ళకు వేరే వరస పెట్టారు. యశోదత్త ఎండలో రెండు గంటలు నిలబడింది. పక్క వరసలో ఒకాయన మూడోసారి ఎక్కి దిగాడు. "పదమూడేళ్ళ నుంచి వస్తన్నాం గదా కోటిలింగం, మనల్ని గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరన్నా లేరా ఇక్కడ?" అంది. నాకు ఆ ఫలకం గుర్తొచ్చింది.

అందుకే ఈ ఏడు అందరం అంత ఉత్సాహపడ్డాం. ఈసారి గేటు దగ్గర మన పిల్ల ఉంది. గుర్తుపట్టేవాళ్ళు ఉన్నారు. ఆ సంబరంలో రేటు ఎంతో కూడా చూడకుండా, నేనే ముందు మంచి ఘడియ చూసి పరస్థానం సంచి ఖాసిం ఇంట్లో పెట్టించాను. తప్పంతా అక్కడే జరిగింది.

ఆ సాయంత్రం మన అరుగు మీద కూర్చుని ఖాసిం ఫోన్లో టికెట్ల రేటు తీశాడు. మనిషికి పదిహేడు వందల తొంభై. పోయినేటి కంటే నాలుగు వందలు ఎక్కువ. తిండి వేరే, గుడ్డలు వేరే, చెప్పుల అర వేరే. నలభై రెండు మందిమి.

"ఒరేయ్ కోటిలింగం," అన్నాడు వెంకట్రామయ్య పెదనాన్న, "మీ అమ్మాయి ఆడనే ఉందిగా. ఒక ఫోను కొట్టు. మా నాన్న బజారు వస్తంది, కాస్త సూసి ఏసుకోండి అని వాళ్ళ పెద్దోళ్ళతో చెప్పమను."

"చెప్పను అన్నా."

"ఏం, ఎందుకు చెప్పవు?"

"నీ కొట్లో గుమాస్తా వాళ్ళ బామ్మర్దికి ఒక మీటరు ఎక్కువ కొలిస్తే ఊరుకుంటావా? నా పిల్ల చేత ఆ పని చేయించను. ఏడాది కూడా కాలేదు అది చేరి."

"అది నా కొట్టురా, న్యాయంగా అమ్మే కొట్టు. ఇది దోపిడీ. మనల్ని దోచేవాళ్ళ కాడ జీతం తీసుకుంటంది మీ పిల్ల. దానికో కోటు, నువ్వు ఊరంతా చాటింపు!"

ఆ మాట అన్నాక ఆయనా నాలుక కరుచుకున్నాడు. యశోదత్త "అదేం మాట వెంకట్రామయ్యా" అని గదిమింది. కానీ అన్న మాట అన్న మాటే కదా. నా నోరు ఎంత పెద్దదో నీకు తెలుసు. ఆ సాయంత్రం నాకు ఒక్క మాట రాలేదు. ఎందుకంటే, దీపా, పోయినేడు ఆ వరసలో నిలబడ్డప్పుడు నేనూ అదే మాట అనుకున్నాను. దోపిడీ అని. అప్పటికి నువ్వు చేరలేదు, అంతే తేడా. బస్సు వద్దనుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు.

మర్నాడు ఖాసిం తల గోక్కుంటూ వచ్చాడు. "అన్నా, సంచి తెచ్చిద్దామంటే మా ఇంటామె తియ్యనియ్యటం లేదు." నేనే వెళ్ళాను. సబీహా బీరువాకు అడ్డంగా నిలబడింది. "పదమూడేళ్ళ నుంచి మీ సంచి నా బీరువా మీద పెడతన్నా అన్నా. మీ ఆచారం నాకెరికే. పెట్టిన పరస్థానం పోకుండా ఇంటికి తిరిగి రాగూడదంట గదా. నా ఇంట్లోంచి అట్టా ఎనక్కి పంపను. ఎవరో ఒకరు పోయి రావాల" అంది. మన ఆచారం మనకంటే ఆమే గట్టిగా పట్టుకుంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అమావాస్య నాడు తెల్లవారుజాము బస్సుకు ఆ సంచి తీసుకుని నేను ఒక్కణ్ణే బయల్దేరాను. అవును తల్లీ. నేను వచ్చాను. నువ్వు పచ్చ బస్సు కోసం చూస్తున్న ఆ గేటు దగ్గరే, నీకు ఇరవై అడుగుల దూరంలో, తలకు తుండుగుడ్డ చుట్టుకుని నిలబడ్డాను.

మీ అమ్మకు గుంటూరు సరుకుకు పోతున్నానని అబద్ధమాడాను. ఆమె ఏమీ అనకుండా నాలుగు గిన్నెల కారియర్ నిండా పులిహోర కట్టి చేతికిచ్చింది. గుంటూరు పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడికి నాలుగు గిన్నెలెందుకో నేనూ అడగలేదు.

దానియేలు నన్ను ఇట్టే పట్టేశాడు. జుట్టంతా తెల్లబడింది పాపం. "కోటిలింగం గారూ! ఒక్కరే వచ్చారేందండీ? పాపను పిలవనా?" అన్నాడు. "నోరెత్తావంటే నా మీద ఒట్టే" అన్నాను. కాబట్టి ఆయన నీకు చెప్పలేదని కోప్పడకు. నన్ను బస్సులు ఆగే రేకుల షెడ్డు కింద, స్తంభం వెనక కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

అప్పుడు చూశాను నిన్ను. మొహం కంటే ముందు నడక గుర్తుపట్టాను, అచ్చం మా అమ్మ నడక. సంచులు వెతికే బల్ల దగ్గర ఒక ముసలమ్మ, ఇద్దరు మనవరాళ్ళు నిలబడి ఉన్నారు. నల్గొండ వైపు వాళ్ళు కాబోలు. ఆమె చేతిలో గుడ్డలో కట్టిన స్టీలు డబ్బా. పడెయ్యమని కుర్ర సెక్యూరిటీ అంటున్నాడు. ఆమె డబ్బాను గుండెకు అదుముకుంది. "పొద్దుగాల మూడు గొట్టంగ లేసి చేసిన సద్ది బిడ్డా. పిల్లల కోసం. ఎట్ల పారేయాలె?" అంటోంది.

నువ్వు వచ్చావు. ఇప్పుడు ఇది ఏం చేస్తుందా అని స్తంభం పక్కనుంచి తొంగి చూశాను. రూలు పక్కనపెట్టి పంపిస్తే ఉద్యోగం పోతుంది. పడెయ్యమంటే వెంకట్రామయ్య మాట నిజమవుతుంది.

నువ్వు ఆ డబ్బాను రెండు చేతులతో అందుకున్నావు. "అవ్వా, డబ్బా లోపలికి రానియ్యరు. ఇక్కడి రూలు అది. నేను మార్చలేను, నీకు అబద్ధం చెప్పను. కానీ పడెయ్యక్కర్లేదు. నా టేబులు కింద పెడతా. మీరు పోయి ఆడుకోండి. ఒంటిగంటకు ఇదే గేటు కాడికి రండి. చేతి మీద ముద్ర వేయిస్తా, బయటికొచ్చి తిని మళ్ళీ లోపలికి పోవచ్చు." నువ్వు చిన్నగానే అన్నావు. కానీ నాకు ప్రతి మాటా వినపడింది.

దానియేలు నా పక్కన చేరాడు. "ఆ ముద్ర మొదట్నుంచీ ఉందండీ. బోర్డు పెట్టరు, ఎవురికీ చెప్పరు. ఈ పాప వచ్చాకే అందరికీ చెప్పటం. పైవాళ్ళు రెండుసార్లు పిలిచి నీకెందుకు ఈ పని అన్నారంట. రూలు పుస్తకంలో ఉన్నదే చెప్పాను సార్, లేనిది చెప్పలేదు అందంట. మళ్ళీ ఏమీ అనలేదు వాళ్ళు." నువ్వు ఈ సంగతి ఏ ఉత్తరంలోనూ రాయలేదేం?

ఒంటిగంటకు నువ్వు ముగ్గుర్నీ తీసుకుని సరిగ్గా నేనున్న షెడ్డులోకే వచ్చావు. నేను గబుక్కున బస్సు చాటుకు తప్పుకున్నాను. నేల మీద పేపరు పరిచావు. కూర్చోమని వాళ్ళను కూర్చోబెట్టి, కోటు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని నువ్వూ కూర్చున్నావు. అది నీ భోజనం వేళ. ముసలమ్మ నీ చేతిలో ముద్ద పెట్టింది. "నీకెందుకు బిడ్డా మాతోని గింత తిప్పలు?" అంది.

"మా నాన్న కొట్లో కొసరు వెయ్యకుండా ఎవర్నీ పంపడు అవ్వా," అన్నావు నువ్వు. "ఇక్కడ నా చేతిలో ఉన్న కొసరు ఇంతే."

నేను బస్సు టైరును పట్టుకుని ఏడ్చాను. యాభై ఆరేళ్ళ మనిషిని, డ్రైవరు చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను. వాడు "ఏం పెద్దాయనా, ఎవురన్నా తప్పిపోయారా?" అని అడిగాడు. లేదయ్యా, దొరికారు అన్నాను.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన సంగతి రాస్తాను. సంచి తీర్చుకురావడం వంక మాత్రమే దీపా. నేను ఆ రోజు నిన్ను ఉద్యోగం మాన్పించి వెంట తీసుకుపోవాలని వచ్చాను. వెంకట్రామయ్య మాట మూడు రోజులు నా గొంతులో ఎముకలా అడ్డం పడింది. సాయంత్రం బస్సుకు తిరుగు టికెట్లు రెండు తీశాను, ఒకటి నాకు, ఒకటి నీకు. నీ పేరు, వయసు ఇరవై మూడు అని నా చేత్తోనే రాసిచ్చాను. నిన్ను అడగాలని కూడా అనుకోలేదు. తండ్రిని కదా, చెబితే వస్తుంది అనుకున్నాను. నిన్ను నమ్మకుండా ఊళ్ళోవాళ్ళ మాట నమ్మాను. దీనికి నువ్వు నన్ను క్షమించాలి.

నిన్ను పిలవకుండానే తిరిగి వచ్చేశాను. పులిహోర దానియేలూ నేనూ తిన్నాం, మిగిలింది గేటు దగ్గర పనివాళ్ళు తిన్నారు. లోపలికి టికెట్టు కొనలేదు. కొనాలనిపించలేదు. బస్సులో నీ సీట్లో సంచిని కూర్చోబెట్టుకున్నాను. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే మీ అమ్మ ఫోను చేసి, "గుంటూరులో పిల్ల ఎట్టా ఉంది?" అని అడిగింది. బాగుంది, చానా బాగుంది అన్నాను.

మర్నాడు కొట్టు తెరవగానే వెంకట్రామయ్య పెదనాన్న దగ్గరికి పోయి ఫోను ముందు పెట్టాను. బస్సు చాటునుంచి ఒక ఫోటో తీశానులే. నువ్వు నేల మీద కూర్చుని ముసలమ్మ చేతి ముద్ద తింటున్నది. తొందరలో తీశాను, కాస్త చెదిరింది. జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చానాసేపు చూశాడు. తప్పయిందిరా అనలేదు. ఆయన అనడు, నీకు తెలుసు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, "ఆ కోటు గుడ్డ మంచిది కాదురా. పాలిస్టరు. ఎండకు ఒళ్ళు ఉడికిపోద్ది పిల్లకి" అన్నాడు. లోపలికి పోయి నీలం కాటన్ తాను దించి రెండున్నర మీటర్లు కత్తిరించాడు. డబ్బులు తియ్యబోతే కత్తెర చూపించాడు. కొలతలు పంపు. మీ రూలు ఒప్పుకోకపోతే ఇంటి దగ్గర వేసుకో, ఆయనకు మాత్రం అది చెప్పకు.

కాబట్టి నీ ప్రశ్నకు నా సమాధానం ఇది. బజారుకు నీ మీద కోపం లేదు. నాకు తలవంపులు లేవు. మొన్న తూకం దగ్గర యశోదత్తకు ఈ కథ తొమ్మిదోసారి చెబుతుంటే, "కాకిపిల్ల కాకికి ముద్దు, బెల్లం తూచవయ్యా" అంది. అననీ. ఉద్యోగం మానొద్దు. నువ్వు మానేస్తే ఆ గేటు దగ్గర అబద్ధం చెప్పకుండా డబ్బా అందుకునేవాళ్ళు ఒకరు తగ్గిపోతారు.

అయితే ఆ పార్కు మీద నాకున్న ప్రేమ మాత్రం పోయింది. నీకోసం దాచిపెట్టను. పదమూడేళ్ళు వచ్చినవాళ్ళని ఎండలో నిలబెట్టి, పక్క వరసలో డబ్బున్నవాళ్ళని పంపేచోట నాకు ఆత్మీయత ఏముంది? ఫలకం దించేశాను. మేకు ఖాళీగా ఉంటే అమ్మవారి పక్కన బాగుండదని, నీ చెదిరిన ఫోటో కడిగించి అక్కడ తగిలించాను. పప్పుల కోసం వచ్చినవాళ్ళు ఎవరీ అమ్మాయి, నేల మీద కూర్చుని తింటోంది అని అడుగుతున్నారు. చెబుతున్నాను. అడగనివాళ్ళకూ చెబుతున్నాను.

ఈ ఉత్తరంతో ఇంకో కాగితం పెట్టాను చూడు. మన బజారు మీ కంపెనీకి రాసిన ఫిర్యాదు. నలభై రెండు సంతకాలు, మొదటిది వెంకట్రామయ్య పెదనాన్నది. రేటు తగ్గించమని అడగలేదు, వాళ్ళ సరుకు, వాళ్ళ ధర. ముద్ర సంగతి తెలుగులో పెద్ద బోర్డు రాసి పెట్టమన్నాం. ఇంటి తిండి తెచ్చుకున్నవాళ్ళకు ఆ షెడ్డులో నాలుగు బల్లలు, మంచినీళ్ళు పెట్టమన్నాం. నాన్న కాగితమని దాచకు, నాన్న కాగితమని నెత్తిన పెట్టుకుని తిరగకు. ఎవరిది వచ్చినా ఎట్లా తీసుకుంటావో అట్లా తీసుకుని, ముద్ర కొట్టి, రసీదు పంపు.

ఇంకొక్క మాట రాసి ఆపుతాను. నిన్న మంచి ఘడియ ఉంటే సంచి మళ్ళీ ఖాసిం ఇంటికి చేర్చాను. మరీ ఇంత ముందేందన్నా అని నవ్వి, సబీహా దాన్ని బీరువా మీద పెట్టింది. ఈ నెల ఇరవై నాలుగు అమావాస్య. పచ్చ బస్సు వస్తోంది, నలభై రెండు మందిమీ వస్తున్నాం. గేటు లోపలికి రాము. షెడ్డులో చాపలు పరుచుకుని కూర్చుంటాం. గంగాళం నిండా పులిహోర తెస్తాం, ఆ నల్గొండ అవ్వలాంటివాళ్ళు ఎవరున్నా తెచ్చి కూర్చోబెట్టు. లోపలికి పోవాలంటే టికెట్టు కావాలి గానీ, మా పిల్లను చూసుకోవడానికి ఎవడికి కట్టాలి? ఒంటిగంటకు కోటు వేసుకునే రా. వెంకట్రామయ్య పెదనాన్న ముందు వరసలో కూర్చుంటానని ఇప్పటి నుంచే పోట్లాడుతున్నాడు.

ఇట్లు,
ఈసారి స్తంభం వెనక దాక్కోకుండా, అందరికంటే ముందు నిలబడబోయే
మీ నాన్న,
కోటిలింగం.